పళ్ల క్లిప్పులు, కాల్షియం గోలీలు

నమస్తే అమ్మా, నమస్తే అన్నా. నేను హన్మకొండల పళ్ల డాక్టర్ని. మొన్న పరకాల దిక్కు నుంచి ఒకమ్మ పద్నాలుగేండ్ల బిడ్డను తోల్కొని వచ్చింది, క్లిప్పులు పెట్టి ఆర్నెల్లయింది, "సారూ, కాల్షియం గోలీలేస్తే పళ్లు జల్ది సక్కగైతయట గదా, రెండు పూటలా ఏస్తున్న" అన్నది. ఈ మాట చానామంది అడుగుతరు, అందుకే ఇయ్యాల అదే చెప్త.

పన్ను అంటే గోడల మొల దిగ్గొట్టినట్టు ఉండదు. దాని చుట్టూ మిల్లీమీటర్ల ఐదో వంతు మందం మెత్తటి పొర ఉంటది, తీగ నెట్టిన దిక్కు ఆ పొర నలుగుతది, అక్కడికి ఆస్టియోక్లాస్టులనే కణాలొచ్చి బొక్కను కరిగిస్తయి, వెనకదిక్కు పొర సాగుతది, అక్కడ ఆస్టియోబ్లాస్టులు కొత్త బొక్క కడ్తయి. పొలంల ఒడ్డు జరిపినట్టే, ఒకదిక్కు చెక్కుకుంట ఇంకోదిక్కు మట్టి పెట్టుకుంట పోతం సూడుండ్రి, గట్ల. నెలకు ఒక మిల్లీమీటరు అటు ఇటు. మరీ గట్టిగ బిగిస్తే అక్కడ నెత్తురు నడవక పన్ను ఆగిపోతది, వేరు గూడ అరుగుతది.

ఇగ కాల్షియం. బాలింత ఎలుకలకు కాల్షియం తక్కువ తిండి పెట్టి చూస్తే వాటి పళ్లు ఇంకా వేగంగ జరిగినయి! ఎందుకంటే తిండిల దొరకకపోతే ఒళ్లు బొక్కల నుంచే కాల్షియం గుంజుకుంటది, బొక్క పల్చగైతది, పన్ను సులువుగ జారుతది. అట్లని పిల్లలకు తక్కువ పెట్టుమని కాదు అమ్మా, పల్చటి బొక్కల జరిగిన పన్నుకు పట్టు ఏడుంటది? కాల్షియం పనల్లా కొత్త బొక్కను గట్టిగ చేసుడే, పన్నును ఉరికించుడు కాదు. క్లిప్పులు తీసినంక, పళ్లు మళ్ల పాత జాగకు జరగకుండ పట్టి ఉంచే రిటైనర్ పెట్టుకోమనేది గూడ అందుకే, కొత్త ఒడ్డు గట్టిపడేదాంక నీళ్లు ఇడుస్తమా?

హైదరాబాదుల జాతీయ పోషకాహార సంస్థ 2020ల చెప్పిన లెక్క ప్రకారం 13 నుంచి 15 ఏండ్ల పిల్లలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలె. పెద్ద గ్లాసు పాలల్ల 240 దాంక, వంద గ్రాముల రాగిపిండిల 350 దాంక ఉంటది, పొట్టు తియ్యని నువ్వులల్ల ఇంకా ఎక్కువ, మునగాకు సరేసరి. కొంచెం ఎండ గూడ తగలాలె, విటమిన్ డి లేకపోతే తిన్నది ఒంటికి పట్టదు.

డాక్టర్ రాసి ఇస్తే గోలీ ఎయ్యండి, కానీ ఒక్కపారి 500 మిల్లీగ్రాములు దాటొద్దు, బడిల ఇచ్చే ఐరన్ గోలీతోని కలిపి ఎయ్యొద్దు, ఐరన్ పట్టదు. ఊకె ఎక్కువేస్తే కిడ్నీల రాళ్లైతయి. బొక్కలు గుల్లబారినయని ఇంజెక్షన్లో గోలీలో వాడే పెద్దోళ్లు క్లిప్పులు పెట్టించుకునేముందే ఆ సంగతి తప్పకుండ చెప్పాలె, వాటిల కొన్ని మందులు బొక్క కరగకుండ ఆపుతయి, పన్ను జరగదు.

ఆ బిడ్డకు విటమిన్ డి పరీక్ష రాసి, రెండో పూట గోలీ ఆపుమన్న. పోతపోత "సార్, సకినాలల్ల నువ్వులుంటయి గదా, తినొచ్చా" అనడిగింది. కొరికితే క్లిప్పు ఊడుతది బిడ్డా, చిన్న ముక్కలు చేసి చాయ్‌ల నానబెట్టుకొని తిను అన్న.