షెవీ 350కి ఏ కార్బ్యురేటర్ సరిపోతుంది? సీఎఫ్‌ఎం లెక్క నుంచి ఐడిల్ సెట్టింగ్ దాకా

అందరికీ నమస్కారమండీ. ఈ వీడియోలో షెవీ, అంటే షెవర్లే 350 స్మాల్ బ్లాక్ వీ8 ఇంజిన్‌కి కార్బ్యురేటర్ ఎలా ఎంచుకోవాలో చూద్దాం. అమెరికాలో ఉంటూ గరాజ్‌లో పాత కమారోనో, నోవానో, సీ10 ట్రక్కో పెట్టుకున్న మనవాళ్ల కోసమే ఇది. ఇంజిన్ సైజు 383 అయినా 327 అయినా లెక్క ఇదే, అంకెలే మారతాయి.

ఇదిగో ఇంజిన్. 4.00 అంగుళాల బోర్, 3.48 స్ట్రోక్, 350 క్యూబిక్ అంగుళాలు. 1967లో కమారోతో వచ్చిన సైజే. దీంట్లో వాల్వ్‌లు తెరిచే క్యామ్ మార్చి పెద్దది వేసి ఉంది, 0.050 అంగుళం లిఫ్ట్ దగ్గర 224 డిగ్రీల డ్యూరేషన్, అంటే వాల్వ్ తెరిచి ఉండే కాలం. డ్యూయల్ ప్లేన్ ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్, పొగ బయటికి పంపే హెడర్లు, వెనకాల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. రోడ్డు మీద తిప్పుకునే బండి ఇది. కార్బ్యురేటర్ ఏదనేది ఈ వివరాలని బట్టే ఉంటుంది, అందుకే ముందు చెప్పేస్తున్నా.

సరే, లెక్క. సీఎఫ్‌ఎం అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి పోతుందో ఆ అంకె. క్యూబిక్ అంగుళాలని ఆర్‌పీఎంతో గుణించి 3456తో భాగించాలి. స్క్రీన్ మీద చూడండి. 350 ఇంటూ 6000 బై 3456. 607 వచ్చింది. కానీ ఇది సిలిండర్లు నూటికి నూరు శాతం నిండితే. మామూలు స్ట్రీట్ ఇంజిన్‌లో 80, 85 శాతమే నిండుతాయి. 85 వేస్తే 516. మంచి హెడ్లున్నాయి, 95 వేద్దాం అన్నా 577. అంటే 600 సీఎఫ్‌ఎం చాలు. 650 అయినా పరవాలేదు.

ఈ ఆర్‌పీఎం అంకె దగ్గర మాత్రం ఆశకి పోవద్దు. ఇంజిన్ నిజంగా ఎక్కడిదాకా లాగుతుందో అదే వేయండి. హైడ్రాలిక్ లిఫ్టర్లున్న ఈ ఇంజిన్‌ని ఎవరూ 7000 తిప్పరు కదా.

మరి 750 పెడితే ఏమవుతుంది? అడుగుతారని తెలుసు. వెంచురీ అంటే కార్బ్యురేటర్‌లో ఇరుకైన గొంతు, బూస్టర్ అంటే దాని మధ్యలో పెట్రోల్ బయటికొచ్చే చోటు. గాలి వెంచురీలోంచి వేగంగా పోతేనే బూస్టర్ దగ్గర పీల్పు పుడుతుంది. ఆ పీల్పే పెట్రోల్‌ని లాగి సన్నటి తుంపర చేస్తుంది. వెంచురీ పెద్దదైపోతే 1500, 2000 ఆర్‌పీఎం దగ్గర గాలి నెమ్మదిస్తుంది, పీల్పు తగ్గుతుంది, పెట్రోల్ చుక్కలు చుక్కలుగా పడుతుంది. సిగ్నల్ దగ్గర కాలు వేయగానే బండి తడబడుతుంది. మనం రోజూ ఉండేది ఆ 2000 దగ్గరే, 6000 దగ్గర కాదు.

ఒక చిన్న మాట, మర్చిపోకముందే. బ్యారెల్ అంటే కార్బ్యురేటర్‌లో గాలి పోయే రంధ్రం. టూ బ్యారెల్ కార్బ్యురేటర్ మీద 500 సీఎఫ్‌ఎం అని ఉంటే దాన్ని ఫోర్ బ్యారెల్ 500తో పోల్చకండి. టూ బ్యారెల్‌ని 3 అంగుళాల మెర్క్యురీ పీల్పు దగ్గర కొలుస్తారు, ఫోర్ బ్యారెల్‌ని 1.5 దగ్గర. 1.414తో భాగిస్తే ఆ 500 కాస్తా 354 అవుతుంది.

ఇప్పుడు సెకండరీలు. ఫోర్ బ్యారెల్‌లో ముందు రెండు రంధ్రాలు ప్రైమరీలు, ఎక్కువ గాలి కావాల్సినప్పుడు తెరుచుకునే వెనక రెండూ సెకండరీలు. వ్యాక్యూమ్ సెకండరీనా, మెకానికలా? ఆటోమేటిక్ గేర్‌బాక్స్, బరువైన బండి, వెనక యాక్సిల్ 3.08 లాంటి రేషియో ఉంటే వ్యాక్యూమ్, ఇంకో మాట లేదు. ఇంజిన్ గాలి అడిగినప్పుడే తెరుచుకుంటుంది కాబట్టి సైజు కాస్త ఎక్కువైనా సర్దుకుంటుంది. మెకానికల్, అంటే డబుల్ పంపర్, కాలు ఎంత తొక్కితే అంతా తెరుస్తుంది. మాన్యువల్ గేర్లు, తేలిక బండి, 3.73 లేదా అంతకంటే పై రేషియో ఉంటే అప్పుడు తీసుకోండి.

వ్యాక్యూమ్ సెకండరీలో స్ప్రింగ్ ఉంటుంది, ఈ డయాఫ్రమ్ మూత కింద. స్ప్రింగ్ మరీ మెత్తగా ఉంటే సెకండరీ తొందరపడి తెరుచుకుని బండి మూలుగుతుంది. గట్టిగా ఉంటే పూర్తిగా తెరుచుకోదు. తెలుసుకోవడం ఎలా? కాగితాలకి పెట్టే క్లిప్పు ఒకటి డయాఫ్రమ్ రాడ్‌కి తగిలించి, హౌసింగ్‌కి ఆనేదాకా పైకి నెట్టండి. బండిని ఒకసారి ఫుల్ త్రాటిల్‌లో లాగి వచ్చి చూడండి. క్లిప్పు ఎంత కిందికి జరిగిందో సెకండరీ అంత తెరుచుకున్నట్టు. క్విక్ చేంజ్ మూత అని విడిగా దొరుకుతుంది, రెండు స్క్రూలు తీస్తే స్ప్రింగ్ చేతికొస్తుంది. నేనైతే హాలీ కంపెనీ కార్బ్యురేటర్ కొన్నరోజే అది కూడా కొనేయమంటా.

ఏ రకం కొనాలి? త్వరగా చెప్పేస్తా. హాలీ 4160, 600 సీఎఫ్‌ఎం, వ్యాక్యూమ్ సెకండరీ: ట్యూనింగ్ ఇష్టమున్నవాళ్లకి. ఎడెల్‌బ్రాక్ 1406, అదీ 600, పాత కార్టర్ ఏఎఫ్‌బీ డిజైన్: పెట్టేసి నడుపుకోవాలనుకునేవాళ్లకి. దీంట్లో పెట్రోల్ కొలతని సరిచేసే మీటరింగ్ రాడ్లు పైనుంచే మార్చొచ్చు, పెట్రోల్ ఒంపక్కర్లేదు. బండితో వచ్చిన క్వాడ్రాజెట్ కార్బ్యురేటర్ ఉంటే దయచేసి పారేయకండి. ప్రైమరీ రంధ్రాలు 1.375 అంగుళాలే, అందుకే కింది ఆర్‌పీఎంలో చక్కగా స్పందిస్తుంది. దాన్ని శుభ్రంగా రీబిల్డ్ చేయించుకోవడం చాలా మంచి దారి.

మ్యానిఫోల్డ్ ఫ్లాంజ్ చూసుకోండి. నాలుగు రంధ్రాలూ ఇంచుమించు ఒకే సైజున్న స్క్వేర్ బోరా, ముందువి చిన్నగా వెనకవి పెద్దగా ఉన్న స్ప్రెడ్ బోరా. క్వాడ్రాజెట్‌ది స్ప్రెడ్ బోర్, పైన చెప్పిన హాలీ, ఎడెల్‌బ్రాక్ రెండూ స్క్వేర్. సరే, ముందుకి.

ఆగండి, గేర్‌బాక్స్ 700ఆర్4 అయితే టీవీ కేబుల్, అంటే త్రాటిల్ వాల్వ్ కేబుల్ బ్రాకెట్ తప్పకుండా సరైనది కొనండి. ఆ కేబుల్ లాగే కోణం తప్పితే లోపల ప్రెషర్ పడిపోయి క్లచ్‌లు కాలిపోతాయి. కార్బ్యురేటర్ మార్చి గేర్‌బాక్స్ పోగొట్టుకోకూడదు.

హాలీలో పవర్ వాల్వ్. ఇంజిన్ మీద లోడ్ పడి వ్యాక్యూమ్ తగ్గినప్పుడు తెరుచుకుని అదనపు పెట్రోల్ ఇస్తుంది, దాని అంకె ఎన్ని అంగుళాల వ్యాక్యూమ్ దగ్గర తెరుచుకుంటుందో చెబుతుంది. సాధారణంగా 6.5 వస్తుంది, మీద 65 అని ఉంటుంది. వ్యాక్యూమ్ గేజ్ పెట్టి, ఇంజిన్ వేడెక్కాక, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకి అడ్డు పెట్టి, డ్రైవ్‌లో వేసి ఐడిల్‌లో చూడండి. 12 అంగుళాల పైన ఉంటే 6.5 ఉంచేయండి. తక్కువుంటే వచ్చినదాంట్లో సగం. 9 వస్తే 4.5. వాల్వ్ అంకె ఐడిల్ వ్యాక్యూమ్ కంటే ఎక్కువైతే అది మూసుకోదు, నల్లపొగ వస్తుంది. పాత హాలీ కొంటున్నారా? 1992కి ముందువాటిలో బ్యాక్‌ఫైర్ నుంచి ఈ వాల్వ్‌ని కాపాడే చెక్ వాల్వ్ లేదు. డయాఫ్రమ్ చిరిగిందేమో చూసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా వెళ్దాం. కార్బ్యురేటర్ తిరగేస్తున్నా. కెమెరా దగ్గరికి తెస్తున్నా. ప్రైమరీ త్రాటిల్ ప్లేట్ పక్కన గోడలో సన్నటి చీలిక కనిపిస్తోందా? ఇదిగో, ఇది. ట్రాన్స్‌ఫర్ స్లాట్. ఐడిల్ నుంచి మెయిన్ సర్క్యూట్ అందుకునేదాకా పెట్రోల్ ఇచ్చే దారి. ఐడిల్ దగ్గర ప్లేట్ ఉన్నప్పుడు ఈ చీలిక ఎంత వెడల్పో అంతే పొడవు బయటికి కనపడాలి. చిన్న చతురస్రం. సుమారు 0.020 అంగుళం. అంతే.

పెద్ద క్యామ్ ఉన్న ఇంజిన్‌కి ఐడిల్‌లో గాలి ఎక్కువ కావాలి. అందుకని ఐడిల్ స్పీడ్ స్క్రూ తిప్పుతారు, తిప్పుతారు, ఇంకా తిప్పుతారు. ప్లేట్ తెరుచుకుని చీలిక పొడుగ్గా బయటపడుతుంది, పెట్రోల్ అక్కణ్నుంచి పారడం మొదలవుతుంది. ఇక ఐడిల్‌లో పెట్రోల్‌ని సరిచేసే మిక్స్చర్ స్క్రూలు పూర్తిగా మూసినా ఇంజిన్ ఆగదు. ప్లగ్‌లు నల్లబడతాయి. కాలు వేయగానే, ఆ స్లాట్ అప్పటికే వాడేశాం కాబట్టి, మెయిన్ సర్క్యూట్ అందుకునేలోపు ఇంజిన్‌కి పెట్రోల్ అందదు. తడబాటు. జనం జెట్లు మారుస్తారు, స్క్విర్టర్ మారుస్తారు, చివరికి కార్బ్యురేటరే అమ్మేస్తారు. తప్పు దానిది కాదండీ.

ఏం చేయాలి? ముందు ఇనీషియల్ టైమింగ్ చూడండి, అంటే ఐడిల్‌లో పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు ప్లగ్ స్పార్క్ ఇస్తోందో. ఇలాంటి క్యామ్‌కి 12 నుంచి 16 డిగ్రీలు కావాలి. టైమింగ్ పెంచగానే ఐడిల్ దానంతటదే పెరుగుతుంది, అప్పుడు స్క్రూ వెనక్కి తిప్పి ప్లేట్ మూసేయొచ్చు. ఆర్‌పీఎం పెరిగాక వచ్చే టోటల్ టైమింగ్ మాత్రం 34, 36 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. తర్వాత వ్యాక్యూమ్ లీకులు. అప్పటికీ గాలి చాలకపోతే సెకండరీ స్టాప్ స్క్రూ ఉంది. చాలా హాలీల్లో ఇది కింద నుంచే అందుతుంది, అందుకే బండికి బిగించకముందే చేయాలి. పావు పావు చుట్టుగా తిప్పుతూ సెకండరీ ప్లేట్లని కాస్త తెరవండి. కావల్సిన గాలి వెనక నుంచి వస్తుంది, ముందు చతురస్రం చెదరదు. త్రాటిల్ ప్లేట్లకి రంధ్రాలు వేయడం అన్నిటికన్నా చివరి మాట. వేస్తే మళ్లీ పూడ్చడం కష్టం.

ఇక మిక్స్చర్ స్క్రూలు. నెమ్మదిగా మూసి, ఒకటిన్నర చుట్టు తెరిచి మొదలుపెట్టండి. గేజ్ మీద వ్యాక్యూమ్ ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ఆపండి, రెండువైపులా సమానంగా.

బిగించడం మీకు తెలుసు. నట్లు ఎదురెదురుగా, 60 నుంచి 80 ఇంచ్ పౌండ్లు, అంతకుమించి బిగిస్తే బేస్ ప్లేట్ వంగుతుంది. పెట్రోల్ ప్రెషర్ హాలీకి 5 నుంచి 7 పీఎస్‌ఐ, ఎడెల్‌బ్రాక్ అయితే 6 దాటనివ్వకండి. ఎలక్ట్రిక్ చోక్ వైరు ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే 12 వోల్టులొచ్చే చోట కలపండి, కాయిల్‌కి మాత్రం కలపొద్దు. స్టార్ట్ చేసేముందు ఒకరిని లోపల కూర్చోబెట్టి పెడల్ పూర్తిగా తొక్కమనండి. త్రాటిల్ పూర్తిగా తెరుచుకోవాలి, వదలగానే స్ప్రింగ్ టపీమని మూసేయాలి.

చివరగా వేడి పరీక్ష. అరగంట నడిపి, ఆపి, పావుగంట తర్వాత స్టార్ట్ చేయండి. ఇక్కడి పెట్రోల్‌లో 10 శాతం ఇథనాల్ ఉంటుంది, కార్బ్యురేటర్ వేడెక్కితే ఇట్టే మరుగుతుంది. స్టార్ట్ అవడానికి మొరాయిస్తే కింద వేడిని అడ్డుకునే ఫినాలిక్ స్పేసర్ వేయండి, అర అంగుళం చాలు. స్పేసర్ వేశాక కార్బ్యురేటర్ పైకి లేస్తుంది కదా, ఎయిర్ క్లీనర్ నట్ మీద పిల్లలు ఆడుకునే క్లే ముద్ద ఒకటి పెట్టి హుడ్ మెల్లగా దించి మళ్లీ ఎత్తండి. ముద్ద పావు అంగుళం కంటే పల్చబడితే పొట్టి ఎయిర్ క్లీనర్ బేస్ కొనుక్కోవాలి.