గట్టు లేని పొలాల ఊరు

అందరికీ నమస్కారం. మన ఊళ్లలో సొంత అన్నదమ్ములకే మాటలు పోయే చోటు ఒకటుంది: పొలం గట్టు. దున్నేటప్పుడు ఒక్క చాలు అటు జరిగితే చాలు, పంచాయితీ. ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌షైర్‌లో లాక్స్‌టన్ అనే చిన్న ఊరికి ఈ తగాదాను తీర్చే పద్ధతే వారసత్వం.

ఒకప్పుడు ఇంగ్లండులో చాలా ఊళ్ల భూములు ఇలాగే ఉండేవి. పెద్ద పెద్ద బయళ్లు, వాటిలో ఒక్కో రైతుకు అక్కడో పట్టీ ఇక్కడో పట్టీ, మధ్యలో కంచె ఉండదు. 18, 19 శతాబ్దాల్లో కంచెలు వేసి ఎవరి భూమి వాళ్లకు ఒకచోట చేర్చేశారు. లాక్స్‌టన్‌లో ఆ పని పూర్తి కాలేదు. పెద్ద భూస్వాములిద్దరికీ పొత్తు కుదరకపోవడం ఒక కారణమంటారు. పెద్దల పేచీ కూడా అప్పుడప్పుడు మేలు చేస్తుందన్నమాట! 1635లో గీసిన ఈ ఊరి పటం ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్‌లో భద్రంగా ఉంది.

మిగిలిన బయళ్లు మూడు: సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, వెస్ట్ ఫీల్డ్. ఒకదాంట్లో చలికాలపు గోధుమ, ఇంకోదాంట్లో వసంతకాలపు పంట, మూడోది బీడు. మరుసటి ఏడు వంతు మారుతుంది. ఒక్కడికి నచ్చిన పంట వేసుకుంటానంటే కుదరదు.

నాకు బాగా నచ్చింది జ్యూరీ రోజు. నవంబరు చివర్లోనో డిసెంబరు మొదట్లోనో జ్యూరీ గోధుమ చేలోకి దిగుతుంది. జ్యూరీ అంటే పైనుంచి వచ్చిన ఆఫీసర్లు కాదు, ఆ ఊరి రైతులే. బురదలో బూట్లు ఈడ్చుకుంటూ పట్టీల చివరల దాకా నడుస్తారు. నాగలి ఎక్కడ హద్దు దాటిందో, దారిలోకి ఎంత చొచ్చుకొచ్చిందో చూసి, సరైన చోట కర్ర గూటం పాతుతారు. ఆ తర్వాత పబ్బులో భోజనం.

వారం తిరిగాక అదే పబ్బులో, డవ్‌కోట్ ఇన్‌లో, ఊరి కోర్టు కూర్చుంటుంది. దాన్ని కోర్ట్ లీట్ అంటారు. తప్పు చేసినవాళ్లకు జరిమానా పడుతుంది.

భూమి మాత్రం చాలా చేతులు మారింది. 1952లో ఊరి భూస్వామి ఎర్ల్ మాన్వర్స్ ప్రభుత్వానికి అమ్మారు, 1981లో రాచరికం పేర ఉన్న ఆస్తులను చూసే క్రౌన్ ఎస్టేట్‌కు వెళ్లింది, 2020లో తిరిగి ఆ మాన్వర్స్ వంశానికి చెందిన థోర్స్‌బీ ఎస్టేట్‌కే చేరింది. పత్రాల మీద యజమాని పేరు మారినప్పుడల్లా ఊళ్లోవాళ్లకు టెన్షన్ ఉండే ఉంటుంది. ఆ శీతాకాలాల్లో కూడా గోధుమ చేలో హద్దు చూసి గూటం పాతింది మాత్రం సాగు చేసేవాళ్లే.