ట్రాన్స్‌పోజ్ బటన్ ముట్టుకోకుండా శృతి మార్చడం ఎలా?

(కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ దగ్గరగా)

ఈ బటన్ నొక్కితే మనం వాయించే మెట్లు మారకుండానే శృతి పైకో కిందకో జరుగుతుంది. ఇదే ఒకసారి నా పరువు తీసింది. ఒక పెళ్ళి రిసెప్షన్‌లో ముందు పాటకి ప్లస్ 2, అంటే నల్లవీ కలిపి రెండు మెట్లు పైకి పెట్టుకుని, తర్వాతి పాటకి సున్నాకి తేవడం మర్చిపోయా. గిటారాయన సీలో వాయిస్తున్నాడు, నేనూ సీ మెట్లే నొక్కుతున్నా, స్పీకర్లోంచి మాత్రం డీ వస్తోంది. పాడే అమ్మాయి నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది!

నిజానికి శృతి మార్చడం మనకి కొత్త కాదు. సంగీతం క్లాసులో ‘సా’ ఎక్కడ పెట్టుకున్నా సరళీ వరసలు అవే కదా. మగవాళ్ళు ఒకటి శృతిలో, అంటే సీలో పాడితే, ఆడవాళ్ళు ఎక్కువగా ఐదు, ఐదున్నర, అంటే జీ, జీ షార్ప్ దగ్గర పాడతారు. సా జరిగింది, మిగతావన్నీ దాని వెంట అంతే దూరం జరిగాయి.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. సీ నుంచి సీ దాకా తెల్ల మెట్లే వాయిస్తే వచ్చే శంకరాభరణం రాగాన్ని డీలో వాయించమంటే అవే తెల్ల మెట్లని డీ నుంచి డీ దాకా వాయించేస్తారు. అది ఖరహరప్రియ అనే వేరే రాగం అయిపోతుంది, ఇలా మెట్లు అవే ఉంచి సా మార్చడాన్ని గ్రహభేదం అంటారు, గొప్ప విద్యే కానీ మనం అడిగింది అది కాదు. డీకి వెళ్తే ఎఫ్, సీ రెండూ పక్కనున్న నల్ల మెట్టు ఎక్కాలి.

కార్డ్స్‌కీ, అంటే కలిపి నొక్కే స్వరాల గుంపులకీ, ఇదే లెక్క.

(స్క్రీన్ మీద: సీ – ఏ మైనర్ – ఎఫ్ – జీ)

వీటిని పేర్లతో కాకుండా స్వరాలతో రాసుకోండి: సా, ‘దా’ మైనర్, మా, పా. ఇప్పుడు సా జీ అయితే? జీ, ఈ మైనర్, సీ, డీ. రోజూ రెండు పాటలు ఇలా మార్చి వాయిస్తే కొన్నాళ్ళకి బటన్ వైపు చెయ్యి పోదు. గిటారు వాళ్ళకి మెడకి బిగించి శృతి పెంచుకునే క్లిప్పు, కేపో, ఉంది కాబట్టి వాళ్ళ గోల వేరే. తబలా ఆయనకి మాత్రం ముందే చెప్పండి, ఆయన సుత్తితో కొట్టి తబలా శృతి మార్చుకోవాలి పాపం.

ఇక పాట మధ్యలో శృతి పెంచడం. చివరి పల్లవి సీ నుంచి డీకి ఎక్కాలనుకోండి. ఊరికే దూకేసినా నడుస్తుంది, కానీ మధ్యలో ఒక బార్, అంటే తాళంలో ఒక చుట్టు, ఏ సెవెన్ కార్డ్ వేసి చూడండి. అందులో సీ షార్ప్ ఉంది, పాత స్కేల్లో లేని స్వరం. కొత్త సా అయిన డీకి అది కాకలి నిషాదం, అంటే పై ‘ని’, డీకి ఆనుకుని సరిగ్గా కింది మెట్టులో ఉంటుంది, అందుకే చెవి దాన్ని వినగానే డీ కోసం ఎదురుచూస్తుంది.

(వాయించి చూపించాలి: సీలో పల్లవి, ఏ సెవెన్, డీలో పల్లవి)

ఒక్క విషయం. గాయని హాయిగా అందుకోగల పై స్వరం ఏదో మొదటే అడిగి, దాన్ని చివరి పల్లవితో సరిచూడండి, మొదటి పల్లవితో కాదు. చివర్లో ఒక స్వరం పెంచాలనుకుంటే పాటని అంత కిందనుంచే ఎత్తుకోవాలి.