ఇంటి డిష్‌తో హ్యామ్ టీవీ: క్యూఓ-100 సెటప్ రివ్యూ

అందరికీ నమస్తే. ముందు నా వెనకున్న టీవీ ఒకసారి చూడండి. ఈ వస్తున్న బొమ్మ కేబుల్‌ది కాదు, డీటీహెచ్‌ది కాదు, ఇంటర్నెట్‌దీ కాదు. హ్యామ్ రేడియో వాళ్లు, అంటే లైసెన్స్ తీసుకుని సరదాగా రేడియో నడిపేవాళ్లు, తమకోసం తాము నడుపుకునే టీవీ ఇది. దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం నుంచి నేరుగా మా మేడ మీది డిష్‌లోకి దిగుతోంది. డిష్ మామూలుదే, బాక్సూ మామూలుదే. ఆరు వారాలుగా వాడుతున్నాను. ఏది పనికొచ్చింది, ఎక్కడ ఇరుక్కుపోయాను, మీరు ఏం చూసి కొనాలి, అన్నీ చెప్తాను.

ఉపగ్రహం పేరు ఎస్‌హెయిల్-2. ఖతార్ వాళ్లది. 2018 నవంబర్ 15న ఫాల్కన్-9 రాకెట్ మీద వెళ్లింది. టీవీ చానెళ్ల కోసం పంపిందే అయినా, అందులో రెండు ట్రాన్స్‌పాండర్లు, అంటే కింది నుంచి వచ్చిన సిగ్నల్‌ని తిరిగి కిందికి పంపే పరికరాలు, హ్యాముల కోసమే పెట్టారు. ఖతార్ హ్యాములు, జర్మనీలోని ఆమ్‌శాట్-డీఎల్ అనే హ్యామ్ ఉపగ్రహాల సంఘం వాళ్లు కలిసి సాధించుకున్నారు దాన్ని. హ్యాముల భాషలో దాని పేరు క్యూఓ-100. అంతకుముందు కూడా హ్యామ్ ఉపగ్రహాలు చాలానే ఉన్నాయి. కానీ భూస్థిర కక్ష్యలో, ఆకాశంలో ఒకేచోట నిలబడి ఇరవై నాలుగు గంటలూ కనిపించేది ఇదే మొదటిది. బ్రెజిల్ నుంచి థాయ్‌లాండ్ దాకా దాని సిగ్నల్ పరిధిలోకి వస్తుంది. మన ఊళ్లన్నీ మధ్యలోనే ఉన్నాయి.

ఇక డిష్ సంగతి. నాది 90 సెంటీమీటర్ల ఆఫ్‌సెట్ డిష్, అంటే ఇళ్ల మీద కనిపించే మామూలు రకమే, ఇంట్లో పాతది. ఫ్రీ డిష్ పెట్టుకున్నవాళ్ల మేడ చూడండి, డిష్ ఆగ్నేయానికి తిరిగి బాగా పైకి చూస్తుంటుంది. ఇది దానికి పూర్తిగా ఉల్టా. ఉపగ్రహం ఉన్నది 25.9 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, అంటే మనకు పడమర. హైదరాబాద్ నుంచి అయితే దిక్సూచిలో 257 డిగ్రీలు, ఎత్తు 28 డిగ్రీలే. విశాఖపట్నంలో ఇంకా కిందికి, 23. ఆ ఎత్తుకు తిప్పితే ఆఫ్‌సెట్ డిష్ దాదాపు గోడలా నిటారుగా నిలబడుతుంది. అలా నిలబడితే సరిగ్గానే పెట్టారని అర్థం, కంగారుపడి పైకి ఎత్తకండి. పడమటి వైపు అపార్ట్‌మెంట్ ఉంటే మాత్రం కష్టం. మా ఇంట్లో నీళ్ల ట్యాంకే అడ్డొచ్చింది, డిష్‌ని రెండో మూలకి మార్చాను.

ఒక ఆదివారం మొత్తం నాకు సిగ్నల్ రాలేదు. తప్పు ఎల్‌ఎన్‌బీ, అంటే డిష్ ముందు ఉండే సిగ్నల్ పట్టే డబ్బా, తిప్పడంలో ఉంది. ఉపగ్రహం తరంగాలు అడ్డంగానో నిలువుగానో వస్తాయి, ఎల్‌ఎన్‌బీ కూడా అదే వాటంలో ఉండాలి. ఉపగ్రహం మనకు ఇంత పక్కకు ఉన్నప్పుడు దానికి అడ్డంగా ఉన్నది మనకు అడ్డంగా ఉండదు. హైదరాబాద్‌లో ఎల్‌ఎన్‌బీని దాదాపు 68 డిగ్రీలు తిప్పాలి, డిష్ వెనక నిలబడి ఉపగ్రహం వైపు చూస్తుంటే గడియారం ముల్లు తిరిగే వైపుకి. తిప్పకపోతే సిగ్నల్‌లో ఏడో వంతే మిగులుతుంది. అంత తిప్పడమేంటని నమ్మకం కుదరక నేను పదిహేను డిగ్రీల దగ్గర ఆపేశాను. బజర్ కొట్టే చవక ఫైండర్ మీటర్‌ని కూడా నమ్మకండి. ఈ సిగ్నల్ సన్నగా ఉంటుంది, అది పట్టుకోలేదు.

అసలు చిక్కు ఇప్పుడు చెప్తాను. హ్యామ్ టీవీ బీకన్, అంటే ఎప్పుడూ వస్తూ ఉండే గుర్తు సిగ్నల్, 10491.5 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. మామూలు యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీ అందులోంచి 9750 తీసేసి మిగిలింది కిందికి పంపుతుంది. మిగిలేది 741.5. మన ఇళ్లలో బాక్సులు వినడం మొదలుపెట్టేదే 950 నుంచి. అంటే సిగ్నల్ వైరులో గుమ్మం దాకా వచ్చి నిలబడుతుంది, బాక్సుకి వినపడదు. చాలామంది ఇక్కడే డిష్ బాగోలేదనుకుని మానేస్తారు.

దీనికి హ్యాములు కనిపెట్టిన ఉపాయం నాకు భలే నచ్చింది. పీఎల్‌ఎల్ రకం, అంటే క్రిస్టల్ ఆధారంగా ఫ్రీక్వెన్సీ నిలబెట్టుకునే రకం ఎల్‌ఎన్‌బీ మూత తీస్తే లోపల చిన్న క్రిస్టల్ ఉంటుంది, మీద 25 అని రాసి. ఆ 25 మెగాహెర్ట్జ్‌ని 390 రెట్లు చేస్తే 9750. దాన్ని ఊడదీసి 24 పెడితే 390 రెట్లకి 9360 అవుతుంది. ఇప్పుడు తీసివేయండి: 1131.5. బాక్సు హాయిగా వినగలిగే చోటు! అందరి ఎల్‌ఎన్‌బీలో 25 ఉండదు, కొన్నింట్లో 27 ఉంటుంది, మూత తీసి చూసుకోండి. సోల్డరింగ్ సన్న మొనతో చెయ్యాలి. పని అయ్యాక మూత చుట్టూ సిలికాన్ పట్టించండి, లేదంటే మొదటి వానకే నీళ్లు దిగుతాయి.

బాక్సు మెనూలో 9360 కొట్టనివ్వకపోయినా ఫర్వాలేదు. ఎల్‌ఎన్‌బీ 9750 అనే ఉంచి, ఫ్రీక్వెన్సీ 10881 ఇవ్వండి. దొరక్కపోతే 10882. పోలరైజేషన్ హారిజాంటల్ (అడ్డం), సింబల్ రేట్, అంటే సిగ్నల్ డేటా పంపే వేగం, 1500. బాక్సుకి మనం చెప్పేది అబద్ధపు ఫ్రీక్వెన్సీయే, కానీ లెక్క సరిపోతుంది. ఆ 1500 కొట్టి స్కాన్ నొక్కాక ఏడెనిమిది సెకన్లు ఏమీ లేదు. తర్వాత క్వాలిటీ పట్టీ ఒక్కసారిగా ఎర్రరంగు దాటి ఆకుపచ్చలోకి వచ్చింది. మొదట గడులు గడులుగా, తర్వాత నిండు బొమ్మ. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి "ఇదేం చానెల్ రా?" అంది. చానెల్ కాదమ్మా అని చెప్పడానికి పావుగంట పట్టింది.

బాక్సు కొనేవాళ్లు షాపులోనే ఒకటి చూడండి. సింబల్ రేట్ దగ్గర 1500 అని కొట్టనిస్తోందా లేదా? కొన్ని 2000 కంటే తక్కువ తీసుకోవు. నేను మొదట కొన్న బాక్సు అలాంటిదే, తిరిగి తీసుకోలేదు. డీవీబీ-ఎస్2 అనే ఉపగ్రహ టీవీ పద్ధతి తప్పనిసరి, పాత ఎంపెగ్-2 బాక్సులు పనికిరావు. వీడియోని కుదించే హెచ్.265 పద్ధతి కూడా ఉంటే మంచిది, చాలామంది హ్యాములు దాంట్లోనే పంపుతారు.

ఇలా ఇంటి టీవీ సామానునే వాడుకోవడం హ్యాములకు కొత్త కాదు. అనలాగ్ రోజుల్లో అమెరికాలో కేబుల్ 57 నుంచి 61 చానెళ్లు, హ్యాముల 420 నుంచి 450 మెగాహెర్ట్జ్ బ్యాండూ ఒకేచోట పడేవి. కేబుల్‌కి తయారైన మామూలు టీవీకి యాంటెనా తగిలించి హ్యామ్ టీవీ చూసేవాళ్లు.

అయితే బాక్సుతో మీకు దొరికేది ప్రధానంగా బీకనే. అందులో వీడియోలు తిప్పి తిప్పి వేస్తుంటారు. నిజమైన మనుషులు వచ్చేది చాలావరకు 333 లాంటి చిన్న సింబల్ రేట్‌లలో, బాక్సు అంత కిందికి దిగదు. దానికి నేను ఆర్‌టీఎల్ డాంగిల్, అంటే యూఎస్‌బీకి పెట్టే చిన్న రిసీవర్, వాడుతున్నాను. ఇదీ ఒకప్పుడు కంప్యూటర్‌లో టీవీ చూడ్డానికి అమ్మిన వస్తువే. ల్యాప్‌టాప్‌కి పెట్టి, ఉచితంగా దొరికే ఎస్‌డీఆర్ యాంజెల్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే గుట్టల్లా సిగ్నళ్లు కనిపిస్తాయి. డిష్ తిప్పుతూ వెతకడానికి కూడా ఇదే ఉత్తమం. ఒక్క జాగ్రత్త: ఎల్‌ఎన్‌బీకి వెళ్లే 18 వోల్టులు డాంగిల్‌లోకి పోకూడదు. ఒకవైపే కరెంటు పోనిచ్చే స్ప్లిటర్ పెట్టి, పోని వైపు డాంగిల్ తగిలించండి. నాది ఒకటి అలాగే కాలిపోయింది.

నా మాట అడిగితే, డాంగిల్‌తో మొదలుపెట్టండి. డాంగిల్‌కి 741.5 నేరుగా వినపడుతుంది కాబట్టి ఎల్‌ఎన్‌బీ విప్పక్కర్లేదు, దానికి 18 వోల్టులు ఇచ్చే ఏర్పాటు చాలు. బొమ్మ వచ్చాక, ఇంట్లో వాళ్లకి పెద్ద టీవీలో చూపించాలనిపిస్తే అప్పుడు క్రిస్టల్ మార్చి బాక్సు పెట్టండి. మీరు కూడా ప్రసారం చెయ్యాలంటే మాత్రం హ్యామ్ లైసెన్స్ కావాలి, పరీక్ష రాయాలి.

యూరప్‌లో వాళ్లు రాత్రి భోంచేసి కూర్చునే వేళ మనకు పదకొండు దాటుతుంది, సందడి అప్పుడే. నిన్న పదకొండున్నరకి 333లో ఒక పెద్దాయన వచ్చారు. కాల్‌సైన్, అంటే ప్రతి హ్యామ్‌కీ ఇచ్చే గుర్తింపు పేరు, రాసిన అట్టముక్క, వెనక బల్ల నిండా వైర్లు. బ్రిటిష్ అమెచ్యూర్ టెలివిజన్ క్లబ్ వాళ్ల చాట్‌లో "మీ బొమ్మ హైదరాబాద్‌లో వస్తోంది" అని రాశాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని కంప్యూటర్ వైపు వంగి చదివారు. తర్వాత కాగితం తీసుకుని మార్కర్‌తో మా ఊరి పేరు పెద్దగా రాసి, కెమెరా ముందు పట్టుకున్నారు.