అధికారం వెళ్ళింది, ఓటు వెళ్ళలేదు

(యూరప్ డే సందర్భంగా జర్మనీలోని ఒక తెలుగు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దలకు, నా ఈడు వాళ్ళకు, వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు కూడా.

మే 9 వస్తోంది కదా, యూరప్ గురించి ఓ పది నిమిషాలు మాట్లాడండి, తర్వాత భోజనాలు అన్నారు కార్యదర్శి గారు. పది నిమిషాల్లో తేలే విషయం కాదని అప్పుడే చెప్పాను. పులిహోర చల్లారినా బాగానే ఉంటుంది కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

నేను కేల్‌లో ఉంటాను. రైన్ నదికి ఇవతల మా ఊరు, అవతల ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్. 2017 నుంచి రెండు ఊళ్ళ మధ్య ట్రామ్ నడుస్తోంది. పొద్దున జర్మనీలో ఎక్కి ఫ్రాన్స్‌లో దిగి ఉద్యోగం చేసుకుని సాయంత్రానికి వచ్చేస్తాను. ఈ మధ్య అప్పుడప్పుడు పోలీసులు ఎక్కి కార్డు చూపించమంటున్నారు గానీ, మామూలుగా అయితే ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట వెళ్ళినట్టే ఉంటుంది.

ఆ స్ట్రాస్‌బర్గ్ 1871లో జర్మనీ చేతికి పోయింది. 1918లో ఫ్రాన్స్‌కి వచ్చింది. 1940లో మళ్ళీ జర్మనీ, 1944లో మళ్ళీ ఫ్రాన్స్. అక్కడ పుట్టి అక్కడే ముసలైన మనిషి ఇల్లు కదలకుండానే నాలుగుసార్లు దేశం మారాడు. ఏ భాషలో బడికి వెళ్ళాలో, ఏ సైన్యంలో చేరి ఎవరిని కాల్చాలో ప్రతిసారీ మారిపోయింది. 1950 మే 9న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్, మన బొగ్గు, ఉక్కు జర్మనీతో కలిపి ఒకే అధికారం కింద పెడదాం అన్నప్పుడు, దీని వెనక ఉన్నది ఈ చరిత్రే. ఆ ప్రకటనలో 'యూరోపియన్ ఫెడరేషన్' (సమాఖ్య) అన్న మాట ఉంది. అది ఈ మధ్య ఎవరో పుట్టించిన మాట కాదు. మొదటి రోజే చెప్పిన మాట. తర్వాత చాలామంది నాయకులు దాన్ని నోట్లోనే దాచుకున్నారు.

2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు ఏమైందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. జర్మనీ సరిహద్దు మూసింది. ట్రామ్ ఆగిపోయింది. రెండు ఊళ్ళనీ కలిపే నడక వంతెన మీద కంచె వేశారు. భర్త ఇటు, భార్య అటు. ఇంతకు ముందు రోజు వరకు ఒకే ఊరిలా బతికిన మనుషులు. ఎవరు ఎవర్ని అడిగి మూశారు? ఎవర్నీ అడగలేదు. అధికారం బెర్లిన్‌ది, మూసేశారు. నదికి రెండు వైపులా బతికేవాళ్ళు జవాబు అడగడానికి ఒక్క చోటు లేదు.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఆ జవాబు గురించే. యూరప్‌లో అధికారం చాలావరకు ఉమ్మడి స్థాయికి ఎప్పుడో వెళ్ళిపోయింది. ఓటు మాత్రం ఇంకా వెళ్ళలేదు.

నమ్మకం కలగకపోతే మీ చేతిలో ఉన్న నీళ్ళ సీసా చూడండి. మూత ఊడి రాదు, సీసాకే వేలాడుతూ ఉంటుంది. 2024 జూలై నుంచి అది ఈయూ (యూరోపియన్ యూనియన్) చట్టం. పిల్లల ఫోన్లకీ ట్యాబ్‌లకీ ఒకే చార్జర్, అదీ ఈయూ చట్టమే. ఇటలీ వెళ్ళినా రోమింగ్ బిల్లు రాకపోవడం, 2017 నుంచి అదీ అంతే. మనలో సగం మంది ఇక్కడికి వచ్చిన బ్లూ కార్డు (ఉద్యోగ వీసా) కూడా ఈయూ చట్టంతోనే వచ్చింది. ఇంత చేసే సంస్థని ప్రభుత్వం అనకపోతే ఇంకేమంటాం? కానీ ఆ ప్రభుత్వాన్ని మార్చాలంటే ఏ మీట నొక్కాలో చెప్పండి.

పార్లమెంటు ఉంది కదా అంటారు. ఉంది. 720 మంది సభ్యులు. 1979 నుంచి జనం నేరుగా ఎన్నుకుంటున్నారు. కానీ ఆ 720 మందిలో ఎవరూ ఒక బిల్లు సొంతంగా ప్రవేశపెట్టలేరు. ఆ హక్కు ఈయూ పాలన నడిపే యూరోపియన్ కమిషన్‌దే. సభ్యులు ఫలానా చట్టం తెండి అని కమిషన్‌ని కోరవచ్చు, అంతే. ఇక కమిషన్ అధ్యక్షులు ఎవరు? 2019 ఎన్నికల్లో పార్టీలు మా అభ్యర్థి వీరు, మా అభ్యర్థి వారు అని పేర్లు ప్రకటించి ప్రచారం చేశాయి. టీవీ చర్చలు జరిగాయి. ఫలితాలు వచ్చాక దేశాధినేతలు తలుపు మూసుకుని కూర్చుని, ఆ ప్రచారంలో ఎక్కడా లేని ఉర్సులా ఫాన్ డెర్ లాయెన్ పేరు బయటికి తెచ్చారు. ఆవిడ సమర్థురాలా కాదా అని నేను అడగడం లేదు. ఓటరు చూసింది ఒక సినిమా పోస్టరు, లోపల వేసింది ఇంకో సినిమా. కావలసిన ఓట్లు 374, ఆవిడకు వచ్చినవి 383. ఆ తొమ్మిది ఓట్ల తేడా చూస్తే సభ్యులకు కూడా మింగుడు పడలేదని తెలుస్తుంది.

ఆ పార్లమెంటు ఎంత బలహీనమో మా ఊరి వాళ్ళకి రోజూ కనిపిస్తుంది. సభ్యులు, సిబ్బంది ఉండేది, కమిటీలు నడిచేది బ్రస్సెల్స్‌లో. కానీ ఏడాదికి పన్నెండు సార్లు సభ స్ట్రాస్‌బర్గ్‌లో జరగాలి. అందుకని పెట్టెలు సర్దుకుని, లారీలకెత్తి, మనుషులంతా రైళ్ళెక్కి 400 కిలోమీటర్లకు పైగా వస్తారు. నాలుగు రోజులుండి వెళ్ళిపోతారు. ఆ వారం మా దగ్గర హోటల్ గది దొరకదు. బ్రస్సెల్స్‌లోనే ఉండిపోతే ఏడాదికి 11 కోట్ల 40 లక్షల యూరోలు మిగులుతాయని 2014లో వాళ్ళ ఆడిటర్లే లెక్క కట్టారు. సభ్యుల్లో ఎక్కువమంది ఒక్క చోటే ఉంటామని ఓటు కూడా వేశారు. అయినా కుదరదు. ఎందుకంటే ఎక్కడ కూర్చోవాలో దేశాలు చేసుకున్న ఈయూ ఒప్పందంలో రాసి ఉంది. అది మార్చాలంటే అన్ని దేశాలూ ఒప్పుకోవాలి. ఫ్రాన్స్ ఒప్పుకోదు. తన కుర్చీ ఎక్కడ వేసుకోవాలో తేల్చుకోలేని పార్లమెంటు ఇంకేం తేలుస్తుంది? స్ట్రాస్‌బర్గ్‌లో జీతం తీసుకునే నేను ఇలా అనకూడదేమో, కానీ నిజం అదే.

అసలు జబ్బు ఇక్కడే ఉంది. అందరూ ఒప్పుకుంటేనే అన్న నియమం. మామూలు చట్టాలకు 27 దేశాల్లో 15 దేశాలు, వాటిలో మొత్తం జనాభాలో 65 శాతం ఉంటే చాలు. విదేశాంగం, పన్నులు, ఏడేళ్ళ ఉమ్మడి బడ్జెట్, కొత్త దేశాలను చేర్చుకోవడం, ఇలాంటి పెద్ద విషయాలకు మాత్రం ఏకగ్రీవం కావాలి. 2023 డిసెంబర్‌లో ఉక్రెయిన్‌కి 5,000 కోట్ల యూరోల సాయం ఇద్దామని 26 దేశాలు సిద్ధపడితే, హంగరీ ప్రధాని విక్టర్ ఒర్బన్ ఒక్కడు వద్దన్నాడు. ఆగిపోయింది. ఆయన దేశంలో ఉన్నది కోటి లోపు జనం, యూనియన్‌లో ఉన్నది 45 కోట్లు. అదే సమావేశంలో ఉక్రెయిన్ సభ్యత్వ చర్చలు మొదలుపెట్టే నిర్ణయం జరిగేటప్పుడు ఆయన గదిలోంచి బయటికి వెళ్ళాడు, మిగతావాళ్ళు కానిచ్చేశారు. మన ఊళ్ళలో పంచాయతీ జరుగుతుంటే గిట్టనివాడు చుట్ట కాల్చుకోవడానికి లేచి వెళ్ళినట్టు. ఒక ఖండం భవిష్యత్తు అలా తేలింది.

ఒర్బన్‌ని తిట్టడం తేలిక. కానీ ఈ పని అందరూ చేసినవాళ్ళే. 2020లో టర్కీతో తన గొడవ తేలేదాకా బెలారస్ మీద ఆంక్షలు పెట్టనివ్వలేదు సైప్రస్. 2022లో రుమేనియా, బల్గేరియాలను షెంగెన్‌లోకి, అంటే సరిహద్దు తనిఖీలు లేని దేశాల జట్టులోకి, రాకుండా ఆపింది ఆస్ట్రియా. వీటో అన్నది చేతిలో పెడితే ఎవడైనా వాడతాడు.

ఇక గ్రీస్ సంగతి. దీని మీద కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ హాల్లో గ్రీస్‌ని సోమరిపోతుల దేశం అనుకునేవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. దేశం అప్పుల్లో మునిగి ఉండగా 2015 జూలై 5న అక్కడ రెఫరెండం (ప్రజాభిప్రాయ ఓటు) పెట్టారు. అప్పులిచ్చినవాళ్ళ షరతులు మాకొద్దని 61 శాతం మంది ఓటేశారు. ఎనిమిది రోజులకి, 13వ తేదీన, దాదాపు అవే షరతులకు, కొన్నిచోట్ల అంతకన్నా కఠినమైనవాటికి, ఆ ప్రభుత్వమే తల ఊపింది. ప్రజాస్వామ్యాన్ని తొక్కేశారు అన్నారు కొందరు. అవతలివైపు చూడండి. ఆ అప్పు భారం మోసే స్లొవేకియా వాడికీ, జర్మనీ వాడికీ ఓటు ఉంది. వాళ్ళ పార్లమెంట్లలోనూ వద్దనేవాళ్ళు ఉన్నారు. అంటే అక్కడ ప్రజాస్వామ్యం లేకపోవడం కాదు, అప్పట్లో యూరో వాడుతున్న పందొమ్మిది ప్రజాస్వామ్యాలు కొట్టుకున్నాయి. కొట్టుకోవడానికి వాళ్ళకి ఒక రచ్చబండ లేదు. యూరో దేశాల ఆర్థిక మంత్రుల యూరోగ్రూపు అనేది ఒప్పందం ప్రకారమే ఒక అనధికార సమావేశం. ఒక గుంపుగా వాళ్ళు ఎవరికీ జవాబుదారీ కాదు. రూపాయి ఒక్కటే అయి, ఆర్థిక మంత్రి మాత్రం రాష్ట్రానికొకడు ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

2020లో కోవిడ్ దెబ్బకి ఆ తప్పు కొంత తెలిసొచ్చింది. 75,000 కోట్ల యూరోల దాకా ఉమ్మడి అప్పు చేయడానికి ఒప్పుకున్నారు. అంతకు ముందు జర్మనీ ఊహించనైనా ఒప్పుకోని పని. అప్పు తీరేది 2058కి. ఇక్కడ కూర్చున్న పిల్లలు తీర్చాలి. కలిసి అప్పు చేసినప్పుడు, ఆ డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో కలిసి ఎన్నుకున్న సభ తేల్చాలి కదా?

అందుకని నేను ఫెడరల్ యూరప్ కావాలంటున్నాను. అంటే అన్నీ బ్రస్సెల్స్‌కి అప్పగించమని కాదు. ఏ పని ఎవరిదో రాసి పెట్టుకోమని. రక్షణ, విదేశాంగం, బయటి సరిహద్దు, యూరో, యూరోకి తగ్గ ఖజానా ఉమ్మడివి. వాటి మీద పార్లమెంటు బిల్లు పెట్టాలి, మెజారిటీతో తేల్చాలి, నచ్చకపోతే ఐదేళ్ళకి జనం దింపాలి. మిగతావి దేశాలకు, ఊళ్ళకు వదిలేయాలి. సీసా మూత సంగతి కూడా కావాలంటే వెనక్కి ఇచ్చేయండి, నాకేం బాధ లేదు.

ఇక్కడ మీలో పెద్దవాళ్ళు ఒక మాట అంటారు, నాకు తెలుసు. బలమైన కేంద్రం ఏం చేస్తుందో మనకి తెలియదా అని. తెలుసు. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేసినప్పుడు నాకు పదేళ్ళు. మా నాన్నగారు రేడియో దగ్గర నుంచి లేచేవారు కాదు. సరిగ్గా నెలకి మళ్ళీ ప్రమాణస్వీకారం చేయించక తప్పలేదు, అది వేరే సంగతి. 2014లో విభజన బిల్లుని రాష్ట్ర అసెంబ్లీ తిప్పి పంపినా ఢిల్లీలో పాసైంది, ఎందుకంటే మన రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం అసెంబ్లీ అభిప్రాయం చెప్పాలి గానీ ఒప్పుకోనక్కర్లేదు. విభజన మంచిదా చెడ్డదా అన్నది ఇప్పుడు ఎత్తితే ఈ హాల్లోనే రెండు వర్గాలవుతాయి, భోజనాలు రాత్రికి వెళ్తాయి, వద్దు.

నేననేది ఏమిటంటే, ఫెడరేషన్లన్నీ ఒక్క అచ్చులో పోసినవి కావు. యూరప్‌లో కేంద్రం రాష్ట్రాలను చెక్కుకునే ఫెడరేషన్ ఎవరూ అడగడం లేదు. ఇక్కడ గవర్నర్లుండరు, ఏ దేశాన్నీ ఎవరూ రెండు చేయలేరు, వెళ్ళిపోతానంటే తలుపు తీసే ఉంది, బ్రిటన్ 2020లో వెళ్ళింది కూడా. మన దగ్గర రోగం కేంద్రానికి బలం ఎక్కువై వచ్చింది. ఇక్కడ అసలు లేక వచ్చింది. ఒకే మందు రాయకూడదు. 24 భాషలవాళ్ళు ఒక్క జాతి ఎలా అవుతారు అని అడిగేవాళ్ళకి మాత్రం మన దేశం వైపు చూడమంటాను. ఒక్క జాతి కానక్కర్లేదు, ఒక్క సభలో కూర్చుంటే చాలు.

అదే 1984లో, ఎన్టీఆర్ గొడవకి ఆరు నెలల ముందు, ఫిబ్రవరి 14న, స్ట్రాస్‌బర్గ్‌లో ఒక ముసలాయన నిలబడి యూరప్‌కి కొత్త ఒప్పందం ముసాయిదా పాస్ చేయించాడు. అల్టియెరో స్పినెల్లి. 237 ఓట్లు అనుకూలం, 31 వ్యతిరేకం. ఈయన కథ సినిమా తీయాలి. ఇటలీ నియంత ముసోలినీ ఆయన్ని పందొమ్మిదేళ్ళ వయసులో 1927లో పట్టుకున్నాడు. జైళ్ళు తిప్పి చివరికి వెంటొటేనె అనే చిన్న ద్వీపంలో పడేశాడు. 1941లో హిట్లర్ ఖండం మొత్తం గెలిచేసినట్టు కనిపిస్తున్న రోజుల్లో, ఆయన, ఎర్నెస్టో రొస్సీ కలిసి సిగరెట్ కాగితాల మీద స్వేచ్ఛాయుత, ఐక్య యూరప్ కోసం మేనిఫెస్టో రాశారు. ఊర్సులా హిర్ష్‌మన్ అనే ఆమె కాపలాల కన్నుగప్పి దాన్ని ఒడ్డుకు చేర్చింది. ఆ మనిషి 43 ఏళ్ళ తర్వాత అదే ఆలోచనకి పార్లమెంటులో మెజారిటీ తెచ్చాడు. ప్రభుత్వాలు ఏం చేశాయి? చాలా బాగుందని పక్కన పెట్టాయి. 1986లో ఆయన పోయాడు. బ్రస్సెల్స్ పార్లమెంటు భవనానికి ఆయన పేరు పెట్టారు. మనవాళ్ళకీ ఈ పద్ధతి బాగా తెలుసు. మాట వినరు గానీ విగ్రహం పెడతారు.

2021, 22లో మళ్ళీ ప్రయత్నం జరిగింది. లాటరీ తీసినట్టు 800 మంది మామూలు పౌరులను ఎంపిక చేసి, అన్ని దేశాల నుంచీ రప్పించి, ఏం కావాలో చెప్పమన్నారు. వాళ్ళు చెప్పినవాటిలో వీటో చాలావరకు ఎత్తేయమన్నది ఒకటి. 2023 నవంబర్‌లో పార్లమెంటు ఒప్పందాలు మార్చాలని 291కి 274 ఓట్లతో తీర్మానించింది. దాని మీద సదస్సు పిలవడానికి 27 మంది నాయకుల్లో 14 మంది చాలు. ఇక్కడ వీటో కూడా లేదు. కానీ వాళ్ళకి తొందర లేదు.

చివరిగా నా ఓటు గురించి చెప్పి ముగిస్తాను. ఇండియా పాస్‌పోర్టు వదులుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇచ్చేది) తీసుకున్న రోజు ఇంట్లో ఎవరం సరిగా అన్నం తినలేదు. 2024 జూన్‌లో మొదటిసారి యూరోపియన్ ఎన్నికల్లో ఓటేశాను. జర్మనీలో ఆ ఎన్నికలకి ఓటు వయసు 16కి తగ్గించారు కాబట్టి మా పక్కింటి కుర్రాడూ నాతోనే వచ్చాడు. మూరెడు కాగితం ఇచ్చారు. అందులో ఉన్నవన్నీ జర్మన్ పార్టీలు, జర్మన్ పేర్లు. ట్రామ్‌లో వెళ్ళేంత దూరంలో ఉన్న ఆ పార్లమెంటుకి, నది అవతలి మనిషి ఒక్కరి పేరు కూడా లేదు. రెండో ఓటు పెడదాం, 28 మందిని యూరప్ మొత్తం ఒకే నియోజకవర్గంగా ఎన్నుకుందాం అని పార్లమెంటు 2022 మేలో ప్రతిపాదించింది. అందులో మా కుర్రాడు ఒక స్పెయిన్ అమ్మాయికో, పోలండ్ రైతుకో ఓటు వేయొచ్చు.

దానికీ 27 దేశాలూ ఒప్పుకోవాలి.

వచ్చే ఎన్నికలు 2029లో. అన్నట్టు, ఇక్కడ వేరే ఈయూ దేశం పౌరసత్వం ఉన్నవాళ్ళు ఉంటే, మొదటిసారి మీకు ఓటరు కాగితం దానంతటది ఇంటికి రాదు, మున్సిపాలిటీలో ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. మిగతా ప్రశ్నలు భోజనాల దగ్గర. నమస్కారం.