ఒక పుల్ల ఎక్కువైంది

శ్రోతలకు నమస్కారం.

బడులకు సెలవులిచ్చాక, ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ మొదటి వారం దాకా, ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ గ్రంథాలయాలలో పిల్లల కోసం వేసవి విజ్ఞాన శిబిరాలు జరుగుతుంటాయి. తెనాలి ప్రాంతంలోని ఒక శాఖా గ్రంథాలయంలో అటువంటి శిబిరానికి తెలుగు చెప్పడానికి ఒప్పుకున్న నాకు తోడుగా, పదవీ విరమణ చేసిన ఒక లెక్కల మాస్టారు వచ్చారు. ఆయనది పలాస దగ్గర పల్లె. ఎండాకాలం కూతురి ఇంట గడపడానికి వచ్చిన మనిషి, పేపరు చదువుకోవడానికని గ్రంథాలయంలో అడుగుపెట్టి, పిల్లల సందడి విని, తనకూ ఒక గంట ఇవ్వమని గ్రంథపాలకుణ్ణి అడిగి చేరిపోయారు. జీతం లేని కొలువుకు అంత ఉత్సాహంగా దరఖాస్తు పెట్టినవారిని నేను అంతకు ముందు చూడలేదు.

మా పరిచయం ఒక చిన్న ఇబ్బందితో మొదలైంది. నా పాఠం జరుగుతున్నంతసేపూ ఆయన వెనక బల్ల మీద పిల్లల మధ్యనే కూర్చునేవారు. పాతికేళ్ళకు పైగా తెలుగు చెప్పినవాణ్ణి, అయినా తోటి ఉపాధ్యాయుడు వింటూ ఉంటే నోరు కాస్త తడబడుతుంది. మూడో రోజున నేను ఆటవెలది అనే పద్యానికి లక్షణం చెబుతున్నాను. పద్యపాదాన్ని గణాలనే చిన్న అక్షరాల గుంపులుగా విడదీస్తాం. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. సూర్యగణాలంటే నగణం (మూడు లఘువులు), హగణం (ఒక గురువు, ఒక లఘువు) అని నేను చెప్పుకుపోతుంటే, పిల్లలు ఎప్పటిలాగే వల్లె వేస్తున్నారు. అప్పుడాయన చెయ్యెత్తి, "మాస్టారూ, ఈ రెండింటికే ఆ పేరెందుకొచ్చిందండీ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. లక్షణం అలా ఉందని మాత్రం అన్నాను.

మర్నాడు ఆయన ఒక చీపురు కట్ట తెచ్చి, ఈనెలను అంగుళం ముక్కలుగానూ రెండంగుళాల ముక్కలుగానూ విరిచి పిల్లల ముందు కుప్ప పోశారు. మాత్ర అంటే అక్షరం పలికే కాలానికి కొలత. లఘువుకు, అంటే పొట్టిగా పలికే అక్షరానికి, ఒక మాత్ర కనుక పొట్టి పుల్ల, గురువుకు, అంటే సాగదీసి పలికేదానికి, రెండు మాత్రలు కనుక పొడుగు పుల్ల. వేమన పద్యంలోని 'చూడ చూడ రుచుల జాడ వేరు' అన్న పాదాన్ని పిల్లలు నేల మీద పుల్లలతో పేర్చారు. 'చూడ' అన్నచోట ఒక పొడుగు పుల్ల, ఒక పొట్టి పుల్ల. 'రుచుల' అన్నచోట మూడు పొట్టి పుల్లలు. అయిదు గణాలూ ఒకే పొడవున, మూడేసి అంగుళాలుగా తేలాయి. ఇన్నేళ్ళు నోటితో చెప్పిన సంగతిని నేను కళ్ళతో చూడటం అదే మొదటిసారి. మూడంగుళాలను ఎన్ని రకాలుగా పేర్చవచ్చునని ఆయన అడిగితే, ఏడో తరగతి అమ్మాయి ఒకతె, మొదట పొట్టిదీ తరువాత పొడుగుదీ పెట్టి, "ఇది కూడా మూడే కదా సార్, దీన్నెందుకు సూర్యగణాల్లో చేర్చుకోలేదు?" అంది. మాస్టారు నా వంక చూశారు. నేను కిటికీ వంక చూశాను.

అక్కడి నుంచి మా రెండు గంటలూ కలిసిపోయి ఒకే పాఠమయ్యాయి. నాలుగు మాత్రలను అయిదు విధాలుగా, అయిదు మాత్రలను ఎనిమిది విధాలుగా పేర్చవచ్చునని పిల్లలు పుల్లలతోనే తేల్చారు. అయిదు మాత్రల వరసలో చివరి పుల్ల పొట్టిదైతే దాని ముందున్నది నాలుగు మాత్రల వరస, పొడుగుదైతే మూడు మాత్రల వరస. కాబట్టి అయిదూ మూడూ కలిపి ఎనిమిది వచ్చాయని ఆయన విడమరచి చెప్పారు. పడమటి దేశాలవారు 1202లో పుస్తకం రాసిన ఇటలీ గణితవేత్త ఫిబొనాచ్చి పేరుతో పిలుచుకునే ఈ లెక్కను, 12వ శతాబ్దంలోనే జైన పండితుడు హేమచంద్రుడు ఛందస్సు కోసం కట్టి చూపాడని కూడా ఆయనే చెప్పారు. తెలుగు పండితుణ్ణయిన నాకు ఆ సంగతి ఒక లెక్కల మాస్టారి నోట తెలియడం మొదట కొంచెం చిన్నతనంగానే తోచింది. తరువాత ఆ చిన్నతనం పోయింది. మధ్యాహ్నం పిల్లలు వెళ్ళాక, పఠన మందిరంలో గరగరలాడే ఫ్యాను కింద కూర్చుని, మర్నాటి పాఠం కోసం ఇద్దరం పుల్లలు విరుచుకునేవాళ్ళం.

శిబిరం చివరి రోజున పిల్లలు తాటిముంజలు తెచ్చారు. గ్రంథపాలకుడు శాలువా కప్పబోతే, ఈ ఎండలో అదెందుకని మాస్టారు దాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. వీడ్కోలు మాటలకు బదులు నేనొక ఆటవెలది రాసుకెళ్ళాను. రాత్రంతా కూర్చుని రాశాను కానీ, చదవడానికి నిలబడేసరికి గొంతు పట్టేసింది. ఎలాగో నాలుగు పాదాలూ గట్టెక్కించి తలెత్తి చూస్తే, ఆయన కళ్ళు తుడుచుకుంటూనే రెండో చేతి వేళ్ళు మడుచుకుంటున్నారు. పిల్లలు చప్పట్లు ఆపాక నా దగ్గరకు వచ్చి, చేయి పట్టుకుని, చెవిలో చెప్పినట్టుగా, "మాస్టారూ, మూడో పాదంలో రెండో గణం దగ్గర ఒక పుల్ల ఎక్కువైందండీ" అన్నారు.

బండి ఎక్కేలోగా సరిచేసి ఇస్తానన్నాను. మర్నాడు తెనాలి స్టేషనులో ప్లాట్‌ఫారం బల్ల మీద కాగితం పరుచుకుని ఇద్దరం కూర్చున్నాం. ఆ మాట తీసి మరో మాట పెడితే గణం కుదురుతోంది, అర్థం చెడుతోంది. బండి వచ్చింది. ఆ కాగితాన్ని ఆయన అలాగే మడిచి జేబులో పెట్టుకున్నారు.