మూడో నెలలో ఆగిన మందు

అందరికీ నమస్కారం. క్వారీలో షిఫ్టు దిగి నేరుగా వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎక్కువసేపు కూర్చోబెట్టను.

చీమకుర్తి చుట్టుపక్కలే టీబీ మందులు ఇచ్చే పని చేసి రిటైరయ్యాను. పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే ఒక కుర్రాడు మూడో నెలలో మందులకు రావడం మానేశాడు. వెతుక్కుంటూ వెళ్లాను. రేకుల షెడ్డులో, మేకుకు తగిలించిన కవర్లో టాబ్లెట్ షీట్లు అలాగే ఉన్నాయి. పైన రాతిపొడి తెల్లగా పేరుకుంది. "దగ్గు తగ్గింది సార్, ఒళ్లు కూడా వచ్చింది. ఇంకెందుకు?" అన్నాడు. కాసేపయ్యాక అసలు సంగతి చెప్పాడు. మూత్రం ఎర్రగా వస్తుంటే కిడ్నీలు పోతున్నాయని భయపడ్డాడట. అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగు, ప్రమాదం లేదు. మొదటి రోజే నేను చెప్పాల్సిన మాట. చెప్పలేదు.

ఊపిరితిత్తిలో పుండు పడ్డచోట కోట్ల క్రిములుంటాయి. వాటిలో ఏదో ఒక మందుకు లొంగనివి ముందునుంచే కొన్ని ఉంటాయి. అందుకే మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాత 4 నెలలు మూడు మందులు కలిపి ఇస్తారు. ఒకదానికి చావనిది ఇంకోదానికి చస్తుంది. దగ్గు తగ్గినా లోపల దాక్కున్నవి ఇంకా ఉంటాయి. వేస్తూ మానేస్తూ పోతే లొంగని రకమే మిగిలి పెరుగుతుంది. వాటిలో ముఖ్యమైన ఐసోనియజిడ్, రిఫాంపిసిన్ మందులు రెండూ పనిచేయకపోతే అదే ఎండీఆర్, మన మాటల్లో మొండి టీబీ. అది గాలిలో అంటుకుంటే, జన్మలో ఒక్క టీబీ మాత్ర మింగని మనిషికి కూడా మొదటి నుంచే మొండి టీబీ. కాబట్టి ఎవరినీ "మందు మానేసుంటావులే" అని నిందించకండి.

ఆ కుర్రాడికి మొండి టీబీ అయింది. అప్పట్లో ఏడాదిన్నర పైన మందులు, నెలల తరబడి కనామైసిన్ సూదులు. బతికాడు కానీ, వెనకనుంచి పిలిస్తే వినపడదు. ఇలాగే వినికిడి పోగొట్టుకున్న నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలే కలిసి మొండి టీబీకి వాడే బెడాక్విలిన్ మాత్ర మీద పేటెంట్, అంటే ఒక్క కంపెనీకే ఉండే హక్కు, పొడిగించొద్దని పోరాడారు. 2023 మార్చిలో మన పేటెంట్ ఆఫీసు ఆ పొడిగింపును తిరస్కరించింది. వాళ్లంటే నాకెంతో గౌరవం. ఇప్పుడు మొండి టీబీకి సూదుల్లేకుండా, బెడాక్విలిన్‌తో కలిపి నాలుగు మందుల 6 నెలల కోర్సుకు 2024లో కేంద్రం అనుమతిచ్చింది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్ని దెబ్బతీసి టీబీకి దారి ఇస్తుంది. మనమేమో "దుమ్ము దగ్గేలే" అని సిరప్ తాగి ఊరుకుంటాం. రెండు వారాలు దాటిన దగ్గయితే కళ్లె పరీక్ష చేయించుకోండి. సీబీనాట్ మిషన్ సుమారు 2 గంటల్లో టీబీ ఉందో లేదో, రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో చెబుతుంది. ప్రభుత్వాసుపత్రిలో పరీక్షా, మందులూ ఉచితం. తిండికి నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడతాయి. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన తమ్ముళ్లు పండక్కి ఊరెళితే నిక్షయ్ నంబరు, అంటే టీబీ రోగిగా మీ పేరు నమోదైన ప్రభుత్వ నంబరు, పట్టుకెళ్లండి, అక్కడా మందులిస్తారు. మేస్త్రీలూ, పరీక్షకు వెళ్లినవాడికి ఆ పూట కూలి కోయకండి.

గుమ్మం దగ్గర బల్లమీద డబ్బాలున్నాయి. దగ్గున్నవాళ్లు ఒకటి తీసుకెళ్లి, రేపు నిద్ర లేవగానే లోపలి నుంచి వచ్చిన కళ్లె అందులో పట్టి, మూత గట్టిగా బిగించి, ఆశా అక్కకు ఇవ్వండి.